సేఫ్ అని రాసిన టెలిగ్రాం

సేఫ్ అనే మాటను నేను మొదట చూసింది తెనాలిలో, ఒక బంగారు కొట్టులోని ఇనప్పెట్టె మీద. తలుపు మీది ఇత్తడి బిళ్లపై ఆ ఇంగ్లీషు అక్షరాలుండేవి. బాపట్లలో మా పిన్ని వాళ్లింట్లో, పిల్లికి అందకుండా పాలూ పెరుగూ దాచే జాలీ అలమరను కూడా సేఫ్ అనేవారు.

అరవైల్లో రేపల్లెలో చదువుకునేటప్పుడు మా ఇంగ్లీషు మాస్టారు ఆ ఒక్క మాట మీద పీరియడంతా గడిపారు. ఆయన లూథరన్ క్రైస్తవులు. ఆదివారాలు చర్చిలో వాక్యం చదివేది ఆయనే. ఆ మాట లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందనీ, చెక్కు చెదరనిదని దాని అసలు అర్థమనీ, చర్చిలో తాము రక్షణ అనేదానికి ఇంగ్లీషు మాట కూడా ఆ వేరు నుంచే వచ్చిందనీ చెప్పారు.

"మనవాళ్లు ఉత్తరం మొదలెడితే చాలు, ఇక్కడ అందరం క్షేమం అని రాసేస్తారు. ఒళ్లు జ్వరంతో కాలిపోతున్నా సరే. అది మర్యాద. సేఫ్ అట్లా కాదురా. ఒక్కటి తగ్గినా ఆ మాట వాడకూడదు" అన్నారు.

"మరి దొంగలొచ్చి ఇనప్పెట్టెలోది మొత్తం ఊడ్చుకుపోతే దాన్నేమంటారండి?" అని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు.

"నీ బుర్రంటారు. కూర్చో."

డెబ్బైల చివర్లో సముద్రం ఊళ్ల మీదికొచ్చిన ఏడు నేను తెనాలిలో విలేకరిని. రేపల్లెలో టెలిగ్రాఫ్ తీగలు మళ్లీ పనిచేస్తున్నాయని తెలిసి, వార్త పంపడానికి అక్కడికి వెళ్లాను. పోస్టాఫీసు వరండా జనంతో కిక్కిరిసి ఉంది. ఫారాలు చకచకా నింపడం చూసి అందరూ నా చుట్టూ మూగారు. అందరికీ కావలసింది ఆ ఒక్క మాటే.

"బాబాయ్, సేఫని కొట్టించు. మిగతా కథ బతికుంటే నేనే వెళ్లి చెప్తా."

"మా గేదె కూడా సేఫని కలపండి సార్. మా మావ ముందడిగేది దాన్నే, నన్ను కాదు."

ఆ నవ్వుల మధ్యలోంచి మాస్టారు వచ్చారు. మోకాళ్ల దాకా బురద. ఆయన భార్య అప్పటికి పది రోజులుగా గుంటూరు ఆస్పత్రిలో ఉంది. పెద్ద ఆపరేషన్ అయింది. వాళ్లకు ఒక్కతే కూతురు. ఆ వేసవిలోనే సముద్రం దగ్గర పల్లెలో టీచరుగా చేరింది.

"ఆవిడకు టెలిగ్రాం ఇవ్వాలయ్యా. మేమిద్దరం సేఫ్ అని రాయి."

"అమ్మాయి వచ్చేసిందాండీ?"

ఆయన నన్ను వరండా చివరికి తీసుకెళ్లారు. "పొద్దున మట్టి చేసి వస్తున్నాను. కుట్లు ఇంకా ఆరలేదు. ఈ కబురు వింటే ఆవిడ కూడా దక్కదని మన ఊరి డాక్టరు చెప్పాడు."

"ఇంగ్లీషు మీకు తెలీదాండీ? నేనెందుకు?"

"నా చేత్తో ఆ మాట రాయలేనురా."

చూడనిది రాయకూడదన్నది మా పత్రికలో మొదట నేర్పే పాఠం. అయినా రాశాను. ఫారం అందుకున్న గుమాస్తా ఆ రోజు అప్పటికి అలాంటివి ఎన్నో చూసి ఉంటాడు. తలెత్తకుండా మాటలు లెక్కపెట్టుకున్నాడు.

రెండు వారాల తర్వాత తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం ఎదురుచూస్తూ ఆ దంపతులు కనబడ్డారు. ఆమె బాగా చిక్కిపోయింది. నన్ను చూసి నవ్వింది.

"నువ్వే కదా బాబూ టెలిగ్రాం రాసింది? ఈయన చెప్పారు. అది తలగడ కింద పెట్టుకున్నాకే నిద్రపట్టింది నాకు. అమ్మాయి ఆస్పత్రికొస్తుందని రోజూ చూశాను. బడి బాగుచేయిస్తోంది, సెలవు దొరకలేదంటారీయన. నువ్వు ఆ ఊళ్లన్నీ తిరుగుతుంటావు గదా, కనబడిందా?"

మాస్టారు పట్టాల వైపు చూస్తున్నారు. ఇల్లు చేరేలోగా చెబుదామనుకున్నారేమో. ఇంటికెళ్లాక చెబుదామనుకున్నారేమో. చూశానమ్మా అంటే ఆమెకు ఇంకో గంట, రెండు గంటలు దక్కేవి. కాగితం మీద అంత తేలిగ్గా రాసినవాణ్ణి, ఆమె ముఖం చూస్తూ ఆ మాట అనలేకపోయాను.

"మాస్టారు చెబుతారమ్మా" అన్నాను.

ఆమె నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా భర్త వైపు తిరిగింది.

"ఎప్పుడండీ?"

"టెలిగ్రాం ఇచ్చిన రోజు పొద్దున మట్టి చేశాను" అన్నారాయన.

ఆమె ఏడవలేదు. పొట్ట మీద చెయ్యి ఆనించుకుని జాగ్రత్తగా బెంచీ మీద కూర్చుంది.

"ఆ సాయంత్రం నేను వార్డులో అందరికీ అరటిపళ్లు పంచాను" అంది.

రేపల్లె బండి వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. మేం ముగ్గురం ప్లాట్‌ఫారం మీదే ఉన్నాం.