‘లేవండి’ అనలేకపోయాను

మా జువాలజీ మాస్టారు పోయారని మంగళవారం పొద్దున రేపల్లె నుంచి ఫోన్ వచ్చింది. చెప్పింది వాళ్ళమ్మాయి. “నాన్న ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారక్కా” అంది. నేనప్పుడు బాపట్లలో, నేను పనిచేసే ల్యాబులో, తిరుగుతున్న గాజు గొట్టం ముందు కూర్చుని ఉన్నాను. అందులో ఎలుక గుండె కణాలున్నాయి. ఆ కణాల దాకా నన్ను నడిపించింది ఆయనే. ఈ సంగతి మీతో చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

తెనాలిలో ఇంటర్ చదివేటప్పుడు ఆయన క్లాసులోకి రాగానే అందరం లేచేవాళ్ళం. మిగతా మాస్టార్లలా వెంటనే కూర్చోమనేవారు కాదు. “కాసేపు నిలబడండమ్మా. బరువు మోయని కండకు తిండి సయించదు” అనేవారు. వెనకాల మేం ఆయన్ని స్టాండప్ మాస్టారు అని నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు తన సైకిల్ని క్లాసులోకి తెచ్చి తలకిందులుగా నిలబెట్టారు. చిన్న సీసా నిండా పంచదార పాకం పోసి, నాలుగు సగ్గుబియ్యం గింజలు వేసి, మూత బిగించి, చక్రం చువ్వలకు కట్టారు. నన్ను మెల్లగా పెడల్ తిప్పమన్నారు. గింజలు అడుగుకు దిగేలోపు అడుగే పైకి వచ్చేసేది.

“చూశావా, కింద ఏదో వాటికి తెలియట్లేదు. అంతరిక్షంలో మనిషి సంగతీ ఇంతేనమ్మా. బరువు తెలియదు, హాయిగా ఉంటుంది. ఆ హాయే కొంప ముంచుతుంది” అన్నారు.

నన్ను పైచదువుకు పంపమని అడగడానికి వేమూరులో మా ఇంటికి అదే సైకిల్ మీద వచ్చారు. నాన్న కుర్చీ వేస్తే కూర్చోలేదు. “మీరు ఒప్పుకునేదాకా నిలబడతానండి” అన్నారు. కాఫీ కూడా నిలబడే తాగారు. నాన్న ఒప్పుకున్నారు.

ఆ సీసాయే ఇప్పుడు నా ఉద్యోగం. కండ కణాల్ని, గుండె కణాల్ని అలాగే రోజుల తరబడి తిప్పుతాం. వాటిలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు మందగిస్తాయి. కొవ్వును మండించడం తగ్గి, అది లోపలే పేరుకుంటుంది. చుట్టూ ఆహారం నిండుగా ఉన్నా కణం నీరసపడుతుంది. మంచం పట్టిన మనిషికీ చాలావరకు ఇదే జరుగుతుంది. ఇదంతా నాకు కంఠతా వచ్చు. అదే నా ఏడుపు.

రెండు నెలల కిందట మాస్టారు బాత్రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు వీలైనంత త్వరగా వాకర్ పట్టుకుని నిలబడాలన్నారు. కొత్త వాకర్ కొన్నారు కూడా. కానీ ఇంటికొచ్చాక ఎవరు నిలబడనిచ్చారు? చర్చివాళ్ళు, పాత విద్యార్థులు వంతులేసుకుని వచ్చి ప్రేమగా పడుకోబెట్టారు. “మీరు కదలకండి మాస్టారూ, మేమంతా ఉన్నాంగా” అన్నారు. నేను వెళ్ళేసరికి పిక్కలు పుల్లల్లా అయిపోయాయి. ఆయన నా చెయ్యి పట్టుకుని, అందరూ వింటుండగానే అడిగారు.

“ఏంటమ్మా, లేవమంటావా? నువ్వంటే వీళ్ళు వింటారు.”

అంటూనే కొంచెం కదిలి, నొప్పికి పళ్ళు బిగబట్టారు. మాస్టారు వస్తే మనం లేవాలి గానీ, మాస్టారిని మనం లెమ్మంటామా? “మీ ఇష్టమండి. ఈ వారం రెస్ట్ తీసుకోండి” అన్నాను.

“సరేనమ్మా” అని కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ ఎన్నడూ అడగలేదు.

వయసు మీద పడింది, గుండె ఆగింది, ఇందులో నీ తప్పేం లేదని అందరూ అంటున్నారు. వాళ్ళ మాట నేను నమ్మలేను. మర్యాదకు పోయి మాస్టారిని పోగొట్టుకున్నాను.

తెనాలిలో మారి రేపల్లె పాసింజరు ఎక్కి వెళ్ళేసరికి వరండాలో ఆయన్ని పెట్టెలో పడుకోబెట్టి ఉంచారు. వంగి ఆయన చెవి దగ్గర “లేవండి మాస్టారూ” అన్నాను. పక్కనే కూర్చున్న ఆయన భార్యకు వినపడింది.

“ఆ ఒక్క మాట కోసమే చూశారమ్మా” అన్నారావిడ. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

గోడవారన వాకర్ ఉంది. పిడులకు చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. పెట్టె మీద చోటు చాలక, వచ్చినవాళ్ళు పూలదండలు దానికి తగిలిస్తున్నారు. తడి దండలు, ఒకదాని మీద ఒకటి. ఆ బరువంతా మోస్తూ అది నిలబడే ఉంది.