వియ్యపురాలి ఒడిలో నా పాదం

పోయిన నెల ఒక పొద్దున మిర్యాలగూడ నుంచి బిడ్డ ఫోన్ చేసింది. "అమ్మా, అత్తమ్మ పోయింది" అని మాత్రమే అనగలిగింది. నిద్రలోనే పోయిందట. మా కోదాడలో దొరికిన మొదటి బస్సెక్కాను.

ఆమె నా వియ్యపురాలు. నాకు అక్షరం రాదు కనుక నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఆమె గురించి చెప్పాలంటే నా కాళ్ల సంగతి చెప్పక తప్పదు.

షుగర్ వచ్చిన కొన్నేళ్లకు నా అరికాళ్లు మండటం మొదలైంది. పగలు ఎట్లాగో గడిచేది. నడుం వాలిస్తే చాలు, కారం పూసినట్టు మంట పిక్కల దాకా పాకేది. దుప్పటి తగిలినా ఓర్వలేకపోయేదాన్ని. ఇంట్లో చెబితే "వయసైతే అంతే" అన్నారు. నా జుట్టుకూ వయసొచ్చింది, అది మండుతోందా అని కొట్లాడాను. ఎవరూ దవాఖానకు తీసుకుపోలేదు. చలవ చేస్తుందని మా అమ్మ చేసినట్టే గోరింటాకు రుబ్బి అరికాళ్లకు దట్టంగా పట్టించేదాన్ని. కాసేపు హాయిగా ఉండేది.

ఒకసారి ఆమె తన కోడలిని, అంటే నా బిడ్డను, తీసుకుని మా ఇంటికి వచ్చింది. ఎర్రగా పండిన నా అరికాళ్లు చూసి, "మంటలా వదినా?" అంది. ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. నీళ్లన్నా తాగకుండా నా ఎదుట కింద కూర్చుంది.

"కాలు ఇటు పెట్టు."

"సిగ్గు లేదా వదినా? పిల్లనిచ్చినదాన్ని, నీతోని కాళ్లు పట్టిచ్చుకుంటనా? నలుగురు ఇంటే ఏమంటరు?"

"నలుగురి కాళ్లు మండుతలేవు. పెట్టు."

మాలో పిల్లవాడి తల్లి గడప తొక్కితే ఆడపిల్లవాళ్లమే కాళ్లకు నీళ్లిస్తాం. అలాంటిది ఆమే నా పాదాన్ని లాగి ఒడిలో పెట్టుకుంది. తడిగుడ్డతో తుడిచి వెలుతురుకు తిప్పింది. మడమ పక్కన, గోరింటాకు ఎరుపులో కలిసిపోయి, ఒక పుండు. నాకు నొప్పే తెలియలేదు.

"ఇంత మండే కాలుకు పుండు తెలువకపోవుడేంది?" అన్నాను.

ఆమె తన కాలు చాపింది. చిటికెన వేలు లేదు. రైసు మిల్లులో ఉడికిన వడ్లను గచ్చు మీద ఎండబోసి, వాటిలో నడుస్తూ కాళ్లతో తిరగేసేది ఆమె. ఒక ఎండాకాలం గచ్చు కాలుతోందని ఆమె పాదాలకు తెలియనే లేదట. బొబ్బలు లేచాయి, చీము పట్టింది, వేలు పోయింది.

"షుగర్‌తోని నరాలు దెబ్బతిన్నయని గప్పుడు చెప్పిండు డాక్టర్. మంట ఉంటది, దెబ్బ తెలువదు. కాలు చెప్పదు వదినా, కన్నే సూడాలె. నీ కాలు పోతే నా కోడలి ఏడుపు నేనాపలేను. లే, సూర్యాపేట పోదాం."

ఇంకొన్నాళ్లు ఆగితే పాదమే తీయాల్సి వచ్చేదని అక్కడి డాక్టర్ అన్నాడు. కట్లు కట్టించుకుంటూ, షుగర్‌ను అదుపులో పెట్టుకుంటూ పోతే పుండు మానింది. మంటకు రోజూ మాత్ర వేసుకుంటున్నాను. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. కానీ నిద్ర పడుతోంది, బజారుకు నడుస్తున్నాను, మునుపటిలాగే కొట్లాడుతున్నాను.

అప్పటినుంచి మేమెక్కడ కలిసినా, పెళ్లిళ్లలో కూడా, ఒక మూల కూర్చుని ఒకరి అరికాళ్లు ఒకరం చూసుకునేవాళ్లం. వంగి ఎవరిది వాళ్లు చూసుకునే వయసు కాదు కదా. "నీది పెండ్లిపిల్ల కాలు లెక్కున్నది" అనేది. "నీది మిల్లు గచ్చే" అనేదాన్ని. చెప్పులు లేకుండా వాకిట్లోకి అడుగు పెడితే మాత్రం అల్లుడి ముందే తిట్టేది.

ఇంట్లో ముసలమ్మ కాళ్లు మండుతున్నాయంటే వయసని చెప్పి మొహం తిప్పుకోకండి. అరికాలు చూడండి, దవాఖానకు తీసుకుపోండి. నేను చెప్పదలచింది ఇంతే.

దినాల నాడు భోజనాలయ్యాక, మిల్లులో ఆమెతో పనిచేసిన ఒకామె గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఏంది బిడ్డా?" అని అడిగాను.

"ఏం లేదు పెద్దమ్మా. నాకూ షుగరే. మిల్లు బందున్ననాడు, ఐతారం ఐతారం ఆమె నా కాళ్లు సూసేది. ఇగ..."

కళ్లజోడు తెమ్మని నా బిడ్డను కేకేశాను.

"కూసో. చెప్పులిడువు. గా వెలుతురుకు తిరుగు."

సిగ్గుపడుతూ కూర్చుని ఒక కాలు చాపింది. మడమ పగుళ్లలో వడ్ల పొట్టు ఇరుక్కుని ఉంది. కొంగుతో తుడిచి, వేళ్ల సందులు విడదీసి చూశాను. గాయం లేదు. దండం పెట్టి లేవబోయింది.

"యాడికి? ఇంకో కాలున్నది" అన్నాను.