నర్సమ్మక్క నేర్పిన ఆకలి

నిన్న ఉదయం ఫిల్మ్ నగర్‌లో ఒక షూటింగ్ ఇంట్లో మేకప్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. పక్క గదిలో ఎవరో గంజి పెట్టిన నూలుచీర మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేస్తున్నారు. వేడి తగిలిన తడిబట్ట వాసన, అందులో కాస్త మాడిన గంజి కమ్మదనం, కిటికీలోంచి పడే ఎండతో కలిసి నెమ్మదిగా నా దాకా వచ్చింది. కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. నోరూరింది. ఇస్త్రీ వాసనకు ఆకలి వేయడమేమిటని ఎవరైనా నవ్వుతారు. నవ్వనీ. నా జీవితంలో కొన్ని నెలల పాటు ఆ వాసన, అన్నం వాసన ఒకే గదిలో ఉండేవి. ఆ గది నర్సమ్మక్కది.

ఆమె గురించి ఎక్కడా రాసి ఉండదు. సినిమా చివర పేర్లు పరుగెత్తేటప్పుడు కూడా ఆమె పేరు పడేది కాదు. ఫిల్మ్ నగర్ కొండ మీద నుంచి షేక్‌పేట వైపు దిగే వాలులో, రెండు పెద్ద బండరాళ్ల నడుమ ఇరుక్కున్నట్టు కట్టిన పాత మేడ ఒకటి ఉండేది. దాని పై అంతస్తులో దుస్తులు కుట్టే గది. అక్కడ ఇరవై ఏళ్లకు పైగా కథానాయికలకు జాకెట్లు కుట్టింది నర్సమ్మక్క. పొట్టి మనిషి, బొద్దు మనిషి. మెడలో ఎప్పుడూ కొలతల టేపు, పైటకు వరుసగా గుండుసూదులు, ముక్కు మీదికి జారే కళ్లజోడు. పుట్టింది, పెరిగింది, కాపురం చేసింది షేక్‌పేట పాత ఊళ్లోనే. జూబ్లీ హిల్స్ బండలుగా ఉన్నప్పటి నుంచి తెలుసని చెప్పేది. "గీడ మేం మేకలు కాసినం బిడ్డా" అని పెద్ద పెద్ద బంగళాల వైపు చూపించి, అదేదో నిన్నటి సంగతైనట్టు నవ్వేది.

నేను ఆ గదికి వెళ్లింది ఇరవై నాలుగేళ్ల వయసులో. అప్పటికి తణుకు నుంచి వచ్చి రెండేళ్లయింది. డబ్బింగ్ చెప్పుకుంటూ, చిన్న చిన్న వేషాలు వేసుకుంటూ ఒక హాస్టల్లో ఉండేదాన్ని. అప్పుడు నాకు కథానాయిక చెల్లెలి పాత్ర దొరికింది. రెండు పాటల్లో కనిపించే పాత్ర, ఏడ్చే సన్నివేశం కూడా ఉన్న పాత్ర. ఒకటే షరతు. మూడు నెలల్లో పన్నెండు కిలోలు తగ్గాలి. ప్రొడక్షన్ మేనేజరు ఆ మాట చాలా మర్యాదగా చెప్పాడు. "ఫేస్ చాలా బావుందమ్మా శిరీషా, కొంచెం స్లిమ్ అయితే స్క్రీన్ మీద ఇంకా బావుంటావు. ప్రతి సోమవారం నర్సమ్మ దగ్గర కొలతలిచ్చెయ్, ఆవిడ నాకు పంపిస్తుంది." నేను తలూపాను. తలూపడం తప్ప ఆ రోజుల్లో నాకు ఇంకేమీ తెలియదు.

ఆ నెల నేను ఎలా బతికానో ఇప్పుడు తలుచుకుంటే కలలోలాగే ఉంటుంది. పొద్దున నిమ్మకాయ నీళ్లు, మధ్యాహ్నం ఒక కీరదోసకాయ, సాయంత్రం పాలు లేని కాఫీ. తిన్న ప్రతి ముక్కనూ ఫోన్లో ఎక్కించి, అది చూపించే కేలరీల అంకెను చూసి భయపడేదాన్ని. మొదటి వారం కడుపు కరకరలాడింది. రెండో వారానికి అదీ ఆగిపోయి, శరీరం తేలిపోతున్నట్టు ఉండేది. జూబ్లీ హిల్స్ రోడ్ల మీద నడుస్తుంటే గోడల మీంచి వేలాడే కాగితపు పూలు మరీ ఎర్రగా కనిపించేవి. మనుషుల మాటలు నీళ్లలోంచి వినిపించినట్టు వచ్చేవి. హాస్టల్ మంచం మీద పడుకుని ఫోన్లో ఎవరెవరో వంటలు చేస్తుంటే గంటల తరబడి చూసేదాన్ని. ఎవరో ఎక్కడో పెసరట్టు తిరగేస్తే నా కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆ తర్వాత ఉన్నట్టుండి ఏదో ఒక సాయంత్రం బేకరీకి వెళ్లి, నాలుగు కర్రీ పఫ్‌లు, ఒక పెద్ద కేకు ముక్క కొని, బాత్రూంలో తలుపు గడియ పెట్టుకుని నిలబడి తినేదాన్ని. రుచి కూడా తెలిసేది కాదు. మర్నాడు దానికి శిక్షగా నీళ్లు మాత్రమే.

నాలుగో సోమవారం నర్సమ్మక్క టేపు చుట్టి చూసి, "అంతే ఉన్నది" అంది.

"అక్కా, ఒక్క రెండంగుళాలు తక్కువ రాయండి. వచ్చే వారానికి ఎలాగైనా తగ్గిపోతాను" అన్నాను.

ఆమె కళ్లజోడు పైకి తోసుకుని నన్ను కాసేపు చూసింది. "నేను రాస్త. మరి రేపు జాకెట్ ఎక్కకపోతే గప్పుడేం జేస్తవ్? పొద్దుగాల ఏం తిన్నవ్?"

"నిమ్మకాయ నీళ్లండీ."

"నిన్న?"

నిన్న బాత్రూంలో తిన్నది చెప్పలేకపోయాను. నోరు తెరిచాను. కిటికీలోని వెలుగు తెల్లటి బట్టలా నా మీదికి వచ్చి కప్పింది. అంతే గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి గుడ్డపీలికల మూట మీద నా తల ఉంది. మొహమంతా తడి. నర్సమ్మక్క తన అన్నం గిన్నె విప్పి జొన్నరొట్టె తుంచుతోంది. ఇస్త్రీ బల్ల మీద చీర ఒకటి ఇంకా ఆవిరి కక్కుతోంది. "లే. తిను" అంది. నేను తల అడ్డంగా ఊపాను. తింటే లావవుతానన్నాను. ఆమెకు కోపం వచ్చింది. "నా కత్తెర బట్టకు బిడ్డా. బట్ట ఎంత కోయమన్నా కోస్త. మనిషిని కోయ. నువ్వే నిన్ను కోసుకుంటుంటే నేను టేపు పట్టుకొని లెక్క జెప్పాల్నా?" అంటూ రొట్టెముక్కను పప్పులో అద్ది నా చేతిలో పెట్టింది. అది వేడిగా కూడా లేదు. కానీ ఆ ముక్క నమిలినప్పుడు నోట్లో జొన్న తీపి ఊరిన తీరు, అది గొంతు దిగి కడుపులో ఎవరో దీపం పెట్టినట్టు వెచ్చగా వెలిగిన తీరు నాకు ఇప్పటికీ తెలుస్తుంది.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు నేను ఆ గదిలో ఉండాలని ఆమె శాసనం. ఒక రొట్టె, ఆకుకూర పప్పు, ఉడికిన గుడ్డు, గిన్నెడు పెరుగు. పొద్దున కడుపు ఖాళీగా ఉంచకూడదు, చీకటి పడక ముందే రాత్రి తిండి ముగించాలి, సాయంత్రం కొండ దిగి ఎక్కి నడవాలి. ఫోన్లో అంకెలు ఎక్కించడం మాన్పించింది. ఇవన్నీ ఆహారనిపుణులు చెప్పేవే. అయితే ఆమె వాటిని చెప్పలేదు, నా ఎదురుగా కూర్చుని తింది. ప్రతి ముద్దకూ ఆగేది. మధ్యలో కిటికీ బయటికి, బండరాయి మీద ఎండకాగే తొండ వైపు చూసేది. "గంత జల్ది దేనికి? ఆకలి ఎట్ల పోతదో జర చూడు" అనేది. నాకది వింతగా ఉండేది. ఆకలి రావడమే తెలుసు, తన్నుకుంటూ, అరుస్తూ. అది వెళ్లిపోవడం ఎప్పుడూ చూడలేదు. నెమ్మదిగా తింటుంటే, ఎక్కడో ఒకచోట, వాన వెలిసినట్టు అది నిశ్శబ్దంగా ఆగిపోయేది. అప్పుడు చెయ్యి ఆపడం కష్టమనిపించేది కాదు. కొన్నిసార్లు అలా ఆగిన తర్వాత కుట్టుమిషన్ చప్పుడు వింటూ గోడకు ఆనుకుని కునుకు తీసేదాన్ని. ఆ కునుకులో కేకులూ పఫ్‌లూ రావడం మానేశాయి.

రంజాన్ నెలలో ఒక సాయంత్రం లేసు కొనడానికి టోలిచౌకి వెళ్తూ నన్నూ తోడు తీసుకెళ్లింది. ఆటో దిగేసరికి వీధంతా పొగ, నెయ్యి, హలీం వాసన. పెద్ద బట్టీల మీద రాగి డేగిశాల్లో కర్రలతో మెదుపుతున్నారు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మొహం తిప్పుకుని, "పదండక్కా, త్వరగా వెళ్దాం" అన్నాను.

"ఎందుకు ఉరుకుతున్నవ్?"

"ఇక్కడుంటే తినేస్తాను."

"తిందాం. దానికేమైంది?" అని ఆమె లోపలికి నడిచి ఒక ప్లేటు తెప్పించింది, రెండు చెంచాలతో. నేను నిలబడే ఒక చెంచా గబుక్కున నోట్లో పెట్టుకోబోతే చెయ్యి పట్టి ఆపింది. "కూసో. దొంగసొత్తు లెక్క తినకు. అందరి ముంగట, కూసోని, మంచిగ తిను. దాసుకొని తిన్నది కడుపుకు తెల్వది. అందుకే మళ్లా మళ్లా అడుగుతది."

నేను ఆమెకు బాత్రూం సంగతి ఎన్నడూ చెప్పలేదు. ఎలా తెలిసిందో కూడా అడగలేదు. బల్ల మీద తలవంచుకుని, వేయించిన ఉల్లిపాయలు, నిమ్మరసం, మెత్తని గోధుమా మాంసమూ నాలుక మీద కరుగుతుంటే ఏడుస్తూ తిన్నాను. సగం ప్లేటుకే చాలనిపించింది. నా జీవితంలో నాకిష్టమైన పదార్థాన్ని సగంలో వదిలి, వదిలినందుకు బాధపడకుండా లేచింది అదే మొదటిసారి.

ఎలా తెలిసిందో రెండు వారాల తర్వాత అర్థమైంది. ఒక రోజు ఒంటిగంట కాకముందే వెళ్లాను. గదిలో మిషన్ చప్పుడు లేదు. ట్రయల్ కోసం కట్టిన పరదా వెనుక నర్సమ్మక్క గోడ వైపు తిరిగి నిలబడి, గుండీల డబ్బాలోంచి డబుల్ కా మీఠా తింటోంది. నన్ను చూసి చిన్నపిల్లలా చెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఆమెకు పన్నెండేళ్లుగా షుగరు. బిళ్లలు వేసుకుంటుందని తెలుసు. పాకం కారుతున్న వేళ్లతో ఆమె, గుమ్మంలో నేను. ముందు ఎవరికి నవ్వొచ్చిందో గుర్తులేదు. ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం.

"చెప్పుడు ఎంతసేపు బిడ్డా" అంది చివరికి, పైటతో మొహం తుడుచుకుంటూ. "మా ఆయన పోయినంక మొదలైంది. ఇంట్ల ఎవరు లేరు గద, అడిగెటోళ్లు లేరు. ఒక్కదాన్నే నిలబడి తింట."

ఆ రోజు మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. ఏది తినాలనిపించినా ఒకరికొకరం చెప్పాలి. తింటే ఎదురెదురుగా కూర్చునే తినాలి. కొన్ని రోజులు ఆమె ఫోన్ చేసి, "శిరీషా, మీఠా కండ్ల ముంగట తిరుగుతున్నది" అనేది. నేను వెళ్లేదాన్ని. కబుర్లలో పడి సగం సార్లు ఆ మాటే మరిచిపోయేవాళ్లం. మరిచిపోనప్పుడు చెరో చెంచా తినేవాళ్లం. ఆమె నన్ను కాపాడుతోందని అప్పటిదాకా అనుకున్నాను. నేనూ ఆమెకు ఏదో అవుతున్నానని అప్పుడు తెలిసింది.

మూడు నెలలు ముగిసేసరికి ఐదు కిలోలు తగ్గాను. పన్నెండు కాదు. ఆఖరి ట్రయల్ రోజున మేనేజరు వచ్చి కొలతల కాగితం చూసి నిట్టూర్చాడు. నర్సమ్మక్క లేచి, "సారూ, బట్ట సంగతి నేను చూస్కుంట గద. గీ పిల్లకు గీ రంగు ఎట్ల ఉన్నదో ఒక్కసారి చూడుండ్రి" అంది. అతను చూశాడు, బావుందనే అన్నాడు. రెండు రోజుల తర్వాత ఆ పాత్ర ముంబై నుంచి వచ్చిన అమ్మాయికి వెళ్లిపోయిందని ఫోన్ వచ్చింది. నేను ఆ గదికే పరుగెత్తాను. బేకరీ దారిలోనే ఉంది. ఆగలేదు. ఆ సంగతి ఆమె గుమ్మంలో నిలబడ్డాకగానీ నాకు స్ఫురించలేదు. నర్సమ్మక్క ఏమీ అడగకుండా మిషన్ ఆపి, చాప పరిచి, "ఏడ్వు. ఏడ్చినంక బువ్వ తిందాం" అంది. అలాగే చేశాం.

ఆ ఏడాది చివర్లో ఇంకో సినిమాలో బడిపంతులమ్మ వేషం దొరికింది. ఎవరూ బరువు అడగలేదు. దానికి జాకెట్లు ఆమే కుట్టింది. తర్వాత మరో ఐదారు కిలోలు వాటంతటవే తగ్గాయి, ఎవరికోసమో కాకుండా. ఆపైన అక్కల వేషాలు, వదినల వేషాలు, డాక్టరమ్మల వేషాలు, ఇప్పుడు తల్లుల వేషాలు కూడా. అలా సాగుతోంది నా బతుకు, సుఖంగానే.

నర్సమ్మక్క పోయి రెండేళ్లయింది. మూత్రపిండాలు పాడయ్యాయి. చివరి వారాల్లో షేక్‌పేటలోని ఆమె ఇంటికి రోజూ మధ్యాహ్నం వెళ్లేదాన్ని. మంచం మీద ఎంత చిన్నగా కనిపించేదో! ఒంటిగంటకు రాగిజావ కలిపి చెంచాతో అందిస్తే రెండు గుక్కలు తాగి తల పక్కకు తిప్పేసేది. ఒక రోజు బతిమాలాను. "ఇంకొక్క చెంచా అక్కా."

"ఆకలైతలేదు బిడ్డా" అంది. కాసేపు కిటికీ వైపు చూసింది. బయట ఫ్లైఓవర్ మీద బండ్లు పోతున్న చప్పుడు, ఎవరింట్లోనో తాలింపు వాసన. "వాసన వస్తున్నది గాని, లోపల ఎవ్వరు లేస్తలేరు. ఆకలి గూడ ఒక సుట్టమే శిరీషా. వచ్చినప్పుడు మంచిగ చూసుకో."

చెంచాను తిరిగి గిన్నెలో పెట్టేశాను. ఎన్నేళ్లు నేను దాన్ని శత్రువుగా చూశాను! అణచాలి, మోసగించాలి, నీళ్లు పోసి నిద్రపుచ్చాలి అనుకున్నాను. ఆమె దాన్ని ఒక్కసారి కూడా తిట్టలేదు.

ఇప్పటికీ కొన్ని రోజులు దారి తప్పుతాను. షూటింగులు వరసగా ఉన్నప్పుడు, ఎవరో ఏదో అన్నప్పుడు, పాత భయం మెల్లగా వచ్చి పక్కన నిలబడుతుంది. అప్పుడు నాకిచ్చిన క్యారవాన్ బండిలో ఒంటరిగా తినను. యూనిట్ వాళ్లంతా కూర్చునే పొడుగాటి బల్ల దగ్గరికి నా పళ్లెం తీసుకుని వెళ్తాను. లైట్లవాళ్లు, డ్రైవర్లు, టైలర్లు జరిగి చోటిస్తారు. మొదటి ముద్ద కలిపే ముందు ఒక్క నిమిషం ఆగుతాను. లోపల ఎవరో లేచి కూర్చున్న అలికిడి వినిపిస్తుంది. వచ్చావా అని మనసులోనే పలకరించి, తినడం మొదలుపెడతాను.