కాటా కింద బొటనవేలు

మాల వేసుకుంటే మనిషి బాగుపడతాడని మా అమ్మ నమ్మకం. నేనూ నమ్మాను కాబట్టే ఆ ఏడు అయ్యప్ప మాల వేసుకున్నాను. అప్పట్లో అనకాపల్లి బెల్లం మార్కెట్లో, ఒక కొట్లో కాటా దగ్గర పని నాది. రైతు తెచ్చిన బెల్లం దిమ్మల్ని తూచేటప్పుడు కాటా పలకను కింద నుంచి కాలి బొటనవేలితో కాస్త ఎత్తిపట్టాలి. తూకం తగ్గుతుంది. షావుకారు నాకు నేర్పిన మొదటి విద్య అదే.

దీక్షలో ఉన్నానంటే ఆ పాపం తప్పుతుందనుకున్నాను. "మంచిదే స్వామీ, పని కానియ్యండి" అన్నాడు షావుకారు, నిన్నటిదాకా ఒరేయ్ అని పిలిచినవాడు. పైగా చెప్పుల్లేని కాలికి ఆ పని ఇంకా సులువైంది, ఏం చెప్పను!

బుచ్చయ్యపేట నుంచి వచ్చే ముసలి రైతు ఒకాయన ఎప్పుడూ కాటా ముల్లు మీద నుంచి చూపు తిప్పేవాడు కాదు. ఆ రోజు నా నల్లబట్టలు చూసి వెనక్కి జరిగాడు.

"దగ్గరకొచ్చి చూసుకో తాతా" అన్నాను. నిజంగానే చూడాలని కోరుకున్నాను.

"మీరు తూత్తంటే నాను సూడ్డమేటి సామీ? పాపం కాదా?"

అప్పటికే నా కుడికాలి వేలు పలక కింద ఉంది. షావుకారు నన్నే చూస్తున్నాడు. వేలు తీస్తే ముల్లు ముందుకు దూకుతుంది, అందరి ముందూ దొరికిపోతాను. ఇంతలో ముసలాయన కళ్లు మూసుకుని, "సామి శరణం" అంటూ నా కాళ్లకు దణ్ణం పెట్టడానికి వంగాడు.

ఆయన చేతికి ఒక్క పాదమే అందింది. రెండోదాని కోసం తడుముతున్నాడు.