తొమ్మిదో తరగతి తల అడ్డంగా ఊపిన రోజు

ఉదయం ఆరున్నరకి మా ఆవిడ రెండో గ్లాసు కాఫీ ఇవ్వనంది. ఆ రోజుల్లో ఇది మా ఇంట్లో రోజూ జరిగేదే. నేను ఖాళీ గ్లాసు ముందుకు చాపడం, ఆవిడ తల అడ్డంగా ఊపడం. (నా కడుపుమంట సంగతి నాకంటే ఆవిడకే బాగా తెలుసు.) ఆ పూట చెప్పవలసిన చెవి పాఠం చదువుకుని కూర్చున్నాను గనక, ఒకటి గమనించాను. తల అటూ ఇటూ తిరుగుతోంది. చూపు మాత్రం నా మీద నుంచి కదలడం లేదు.

కొవ్వూరులో సైన్సు మాస్టారుగా చేరి ఏడాది కావస్తోంది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ రోజు ఇన్‌స్పెక్టరు గారు వస్తారనీ, ఆయన సరేనంటే ఉంటాననీ, లేకపోతే పెట్టె సర్దుకోవాలనీ హెడ్మాస్టరు గారు ముందే చెప్పారు. పుస్తకంలో పాఠం అర్ధవర్తుల కుల్యలంటూ మొదలైంది. నేను దాన్ని పక్కన పెట్టి, చెవి లోపల మూడు సన్నటి గొట్టాలుంటాయనీ, పడవ కదిలినప్పుడు బిందెలో నీళ్ళు వెనకబడ్డట్టు, తల తిరిగితే వాటిలోని ద్రవం వెనకబడుతుందనీ, ఆ కబురు అందుకుని కళ్ళు అంతే మేరకు ఎదురువైపు తిరుగుతాయనీ చెప్పాను. తర్వాత పుస్తకాన్ని గబగబా ఊపుతూ చదవమన్నాను. అక్షరాలు అలుక్కుపోయాయి. పుస్తకం కదలకుండా పట్టుకుని తల అడ్డంగా ఊపమన్నాను. అక్షరాలు నిలబడ్డాయి. నేను చెప్పేదాకా ఎవరూ ఆపొద్దన్నాను. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు గారు లోపలికి వచ్చారు. పిల్లలు మర్యాదగా లేచి నిలబడ్డారు, తలలు ఊపుతూనే.

"ఏమర్రా, మాస్టారి పాఠం అర్థమవుతోందా?" అన్నారాయన.

తరగతి మొత్తం అడ్డంగా ఊపింది.

"రోజూ బడికొస్తారా ఈయన?"

మళ్ళీ అడ్డంగానే. ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు.

"పోనీ, కొడతారా?"

దానికీ అంతే. (నాకు అనుకూలంగా వచ్చిన సమాధానం అదొక్కటే.)

నేను ముందుకు ఉరికాను. పిల్లల్ని ఆపమని, సంగతి చెప్పాను. ఆయన నమ్మలేదు. ముందు బెంచీలోంచి ఒక పుస్తకం తీసుకుని, తల అడ్డంగా ఊపుతూ చదవడం మొదలుపెట్టారు. పేరా అయిపోయినా ఆపలేదు. వరండాలోంచి అది చూసిన హెడ్మాస్టరు గారు నన్ను బయటికి పిలిచి భుజం మీద చెయ్యి వేశారు. "బాధపడకండి మాస్టారూ. నిడదవోలులో మా బావమరిదికి ట్యుటోరియల్ ఉందండి. ఓ మాట చెప్పి చూస్తాను."

ఉద్యోగం ఖాయమైంది. సాయంత్రం ఇదంతా చెబితే మా ఆవిడ నవ్వలేదు. "తల చూసి కంగారుపడితే ఎలాగండీ? కళ్ళు ఎటున్నాయో చూసుకోవద్దూ హెడ్మాస్టరు గారు?" అంది. ఆ సంతోషంలో గ్లాసు చాపాను. ఆవిడ తల ఊపింది.

ఆ పాఠం చాలా ఏళ్ళు చెప్పాను. తలుపు మూసి చెప్పడం మాత్రం నేర్చుకున్నాను. మా ఆవిడ కిందటేడు పోయింది. కాఫీ నేనే కలుపుకుంటున్నాను. అలవాటు లేని చెయ్యి కదా, గిన్నెలో ఇంకో గ్లాసుడు మిగులుతుంది. మా ఇంట్లో ఇప్పుడు రెండోసారి ఎవరూ గ్లాసు చాపరు.