కటింగమ్మ కేక

కటింగమ్మ ఎడమ చేతికి మూడే వేళ్లు. "మిగతా రెండూ ఏవీ అమ్మమ్మా?" అని మనవరాలు అడిగితే, "మీ తాత మింగేశాడే" అనేది. పిల్ల పడీపడీ నవ్వేది. అందులో నవ్వాల్సిందేమీ లేదని తెలిసొచ్చేసరికి అమ్మమ్మ పోయింది. అసలు సంగతి అమ్మ నోట వినాల్సి వచ్చింది.

కటింగమ్మది బైండింగు షాపులో పని. ముందు గదిలో నలుగురు కూర్చుని పుస్తకాలు కుట్టి, అట్టలకు జిగురు పూసేవారు. వెనక గదిలో కటింగు మిషను. ఇనప బల్ల, దానిమీద బారెడు కత్తి, పక్కన పొడుగాటి పిడి. ఒకరు బల్లమీద కాగితాలు సర్దాలి, ఇంకొకరు పిడి లాగాలి. లాగేవాళ్లు ముందు "చెయ్యి!" అని అరవాలి. సర్దేవాళ్లు రెండు చేతులూ భుజాల పైకెత్తి "లేదు!" అనాలి. అప్పుడే కత్తి దిగాలి. షాపు పెద్దాయన పెట్టిన రూలది. కాదన్నవాడికి ఆ గదిలో చోటు లేదు.

ఆమె మొగుడు పన్నెండేళ్లు అక్కడే కాగితాలు సర్ది, ఆ కేకకు చేతులెత్తీ ఎత్తీ, చివరికి పిడి పట్టాడు. సర్దడానికి పెళ్లాన్ని పెట్టుకున్నాడు. ఇంట్లో మాత్రం ఆయనగారికి రూల్లేవు. నీళ్లు చల్లగా ఉంటే దెబ్బ, వేడిగా ఉంటే దెబ్బ. ఒకసారి చెంబుతో కొడితే ఆమె ముందుపళ్లు రెండు ఊడి గచ్చుమీద పడ్డాయి. "తుడిచెయ్" అన్నాడంతే. ఛీ, ఏం మనిషండీ!

ఒక ఉదయం పనిలో నలుగురూ వింటుండగా ఆమె, "నామీద అరవకండి, కొలత తప్పింది మీరే" అంది. ఆయన "చెయ్యి" అనలేదు. పిడి లాగేశాడు.

రెండు వేళ్లు బడిపిల్లల నోటుపుస్తకాల మీద పడ్డాయి. జనం పరిగెత్తుకొచ్చేసరికి, "దరిద్రపుదానా, కట్టంతా పాడుచేశావు కదే" అని తిడుతున్నాడు. పెద్దాయన వాణ్ని మెడపట్టి బయటికి గెంటాడు. గాయం మానాక ఆమె వచ్చి ఒకటే అడిగింది: "ఆ పిడి నాకివ్వండి."

పదమూడేళ్లు లాగింది. ఒక్కరి గోరు కూడా తెగలేదు. కటింగమ్మ అన్న పేరు అప్పుడొచ్చిందే. కూతురు పెద్దదై ఎదుట నిలబడి కాగితాలు సర్దుతున్నా, ప్రతిసారీ వీధంతా వినబడేలా "చెయ్యి!" అని అరిచేది.

"అబ్బా, ఇక్కడే ఉన్నాగా అమ్మా! చెవులు పోతున్నాయి."

"పోతే పోనీవే, వేళ్లుంటాయి."

ఒక మధ్యాహ్నం మళ్లీ ఊడిపడ్డాడు మహానుభావుడు. పూటుగా తాగున్నాడు. "నా స్నేహితుడికి మాటిచ్చాను. దీన్ని వాడికిచ్చి చేస్తా" అంటూ, బల్లకు అవతల నిలబడ్డ కూతురి జడను కత్తి కిందినుంచి చేతులు పెట్టి దొరకబుచ్చుకున్నాడు. ముందుకు లాగి, ముఖాన్ని ఇనప బల్లకేసి కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ముక్కు పగిలి నెత్తురు కారింది. కుట్టేవాళ్లు ముందు గదిలోంచి పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయారు. పిల్ల మెడ సరిగ్గా కత్తి కింద ఉంది, దానిమీద వాడి అరచెయ్యి.

"వదులు దాన్ని!"

"లాగవే చూద్దాం! కూతురి తల కూడా రాలుతుంది" అని నవ్వాడు.

కటింగమ్మ పిడి పట్టుకునే ఉంది. లాగితే పిల్ల పోతుంది. లాగకపోతే వాడు ఎత్తుకుపోతాడు. ఊపిరంతా కూడదీసుకుని అరిచింది.

"చెయ్యి!"

వాడి రెండు చేతులూ భుజాల పైకి లేచాయి. "లేదు!" అన్నాడు. పన్నెండేళ్ల అలవాటు, తాగినా పోలేదు. పిల్ల తన వైపుకు జారి నేలమీద పడింది.

తనేం చేశాడో అర్థమై, వాడు బూతులు తిడుతూ మళ్లీ జడ కోసం కత్తి కిందినుంచి చెయ్యి చాచాడు. కటింగమ్మ ఆ చెయ్యి చూసింది. చూసే లాగింది.

మణికట్టు దగ్గర తెగింది. వాడి అరుపు వీధి చివరిదాకా వినబడింది. పోలీసు వచ్చేసరికి కటింగమ్మ కూతురి ముక్కుకు తడిగుడ్డ అదిమిపట్టుకుని కూర్చుంది.

"కావాలనే లాగిందా?" అని పోలీసు కుట్టేవాళ్లని ఒక్కొక్కరినీ అడిగాడు.

ఆమె వేళ్లు పోయిన నాడు నోరు మెదపని నలుగురూ జిగురు చేతులతోనే లేచి నిలబడ్డారు. నలుగురిదీ ఒకటే మాట.

"ఆవిడ 'చెయ్యి' అని కేకేసిందండీ. ఆయన 'లేదు' అన్నాడు."