తగ్గించని చుక్కలు

హైటెక్ సిటీలో గుండ్రటి బిల్డింగు లేచిన రోజుల్లో నేను లింగంపల్లిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేదాన్ని. ఫొటోలను కంప్యూటర్లో చుక్కలుగా మార్చి ఫిల్ము తీయడం నా పని. మెషీన్‌లో ఉండేది నల్ల సిరా ఒక్కటే, బూడిద రంగంటూ ఏమీ ఉండదు. చిన్న చుక్కలు వేస్తే లేతగా, పెద్దవి వేస్తే ముదురుగా కనిపిస్తుంది. మొహాలకు మాత్రం, ఎవరూ అడగకపోయినా, చుక్కలు తగ్గించి తెల్లగా చేయడం మా ప్రెస్సు అలవాటు. మూడేళ్లు నేనూ చేశాను. నేనూ నల్లదాన్నే, అయినా చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఒక కంప్యూటర్ కోర్సుల సంస్థ పోస్టర్ వేయించుకోవడానికి వచ్చింది. ఫస్టు వచ్చిన అమ్మాయి ఫొటో మధ్యలో పెద్దగా రావాలి. ఆమెది మంచి నలుపు. ఆ సంస్థ మేనేజరు ఫొటో నా బల్ల మీద పెట్టి, "కాస్త తెల్లగా చేయండమ్మా, జనం చూడాలి కదండీ" అన్నాడు.

అలవాటుగానే తగ్గించాను. చెంపలు చదునైపోయాయి, నవ్వు పోయింది, ముక్కు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. చీ అనిపించి మొత్తం చెరిపేశాను. మళ్లీ మొదలుపెట్టి, రంగు ముదురుగానే ఉంచి, సిరా పాకి చుక్కలు అతుక్కుపోకుండా మధ్యలో సన్నటి తెలుపు వదిలాను. ఎవరికీ చూపించకుండా ఫిల్మును అచ్చు ప్లేటు చేయడానికి పంపేశాను. రాత్రికే పోస్టర్లన్నీ అచ్చయిపోయాయి.

మర్నాడు మేనేజరు ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. పోస్టర్ చూసి, "ఏంటండీ, నల్లగానే ఉందిగా!" అన్నాడు.

"ఆ అమ్మాయి నల్లగానే ఉంటుందండి. మీ పరీక్షలో ఫస్టు వచ్చినప్పుడు కూడా నల్లగానే ఉంది" అన్నాను.

మా ఓనరు పరుగున వచ్చాడు. "జర చుక్కలు తగ్గిస్తే నీదేం పోతదమ్మా? కొత్త ప్లేటు చెయ్యి. లేకుంటే రేపటి సంది రాకు."

"చేయను సార్."

అమ్మాయి పోస్టర్ చేతిలోకి తీసుకుంది. "మా కాలేజీ పుస్తకంలో వేసిన ఫొటోలో నా కళ్లు కూడా కనపడలేదు. దీంట్లో నేను నవ్వుతున్నా" అంది. తర్వాత మేనేజరు వైపు తిరిగింది. "తెల్లగా వేస్తే నా ఫొటో వద్దు సార్. సెకండ్ వచ్చినోళ్లది వేసుకోండి."

ఫస్టు ర్యాంకు లేని పోస్టర్ ఆయనకెందుకు? అచ్చయిన పోస్టర్ల కట్టలన్నీ ఆటోలో వేయించుకున్నాడు. ఓనరు మాత్రం మాట తప్పలేదు, నా ఉద్యోగం పోయింది. ధైర్యంగా ఉన్నానంటే అబద్ధం, మియాపూర్ దాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను.

ఆ వారం పని వెతుక్కుంటూ మాదాపూర్ వెళ్లాను. బస్టాపు గోడ మీద, కరెంటు స్తంభాల మీద, కడుతున్న ఆఫీసుల చుట్టూ పెట్టిన రేకుల మీద, ఎటు చూసినా ఆ నల్లటి మొహమే నవ్వుతోంది.